రంగం చెట్టు నేలచూపులు: వాలిన చిగురును దాహం అనుకున్న ఒక కేసు

ఈ కేసు శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి మరీ దూరం కాని ఒక ఊళ్ళోది. తోట యజమాని రిటైరైన స్కూలు టీచరు, ఇక్కడ ఆయన్ని మేస్టారు అంటాను. ఊరి పేరూ ఇంటి ఆనవాళ్ళూ వదిలేశాను, మనుషులకు సంబంధించిన చిన్న వివరాలు కొన్ని మార్చాను. చెట్టు, మట్టి, నీళ్ళ సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

చెట్టు పేరు ఆమ్‌హెర్స్టియా నోబిలిస్. నర్సరీల్లో ప్రైడ్ ఆఫ్ బర్మా అంటారు. చిక్కుడు, చింత, అశోకల కుటుంబమే కానీ దీని ప్రజాతిలో ఇంకో జాతి లేదు, ఇదొక్కటే. కొమ్మల నుంచి పూలగుత్తులు కిందికి వేలాడతాయి. ఎర్రటి రేకలు, వాటి చివర పసుపు మచ్చ. పుట్టిల్లు బర్మా. అక్కడ కూడా అడవిలో కనబడడం చాలా అరుదు, గుళ్ళ దగ్గరా తోటల్లోనే ఎక్కువ.

మేస్టారు దీన్నే ఎందుకు కోరుకున్నారో ఈ ప్రాంతం వాళ్ళకి వివరించనక్కరలేదు. ఆయన తాతగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి అక్కడే కుదురుకున్నారు. 1942లో యుద్ధానికి భయపడి కాలినడకన వచ్చేసినవాళ్ళు కొందరైతే, 1960ల్లో అక్కడి దుకాణాలూ వ్యాపారాలూ సర్కారు తీసేసుకున్నాక ఓడెక్కి వచ్చినవాళ్ళు కొందరు. మేస్టారి కుటుంబం రెండో విడతలో వచ్చింది. ఆయన అప్పగారికి అక్కడి చెట్లు ఇంకా గుర్తే. ‘మన రంగం చెట్టొకటి ఇంట్లో ఉండాల్రా’ అని ఆవిడ ఎన్నాళ్ళనుంచో అంటున్నారట. కడియం నర్సరీల్లో వెతికించి, గాలి అంటు మొక్కని (చెట్టు మీదే కొమ్మకి వేళ్ళు పుట్టించి కోసినది) బాగానే ధర పెట్టి తెచ్చారు. గేటులోంచి రాగానే కనబడాలని ఇంటికి నైరుతి మూల, ప్రహరీ పక్కన నాటారు.

నేను చూసేనాటికి మొక్క నాటి మూడేళ్ళు. ఎత్తు ఏడడుగులు.

వచ్చిన ఫిర్యాదు

ఏప్రిల్‌లో ఫోను. ‘చిగురు వేసినప్పుడల్లా వేలాడిపోతోంది, ముదరకుండానే రాలుతోంది, ఉన్న ఆకుల అంచులు మాడుతున్నాయి. మందేదైనా ఉంటే చెప్పు బాబూ, లేదంటే పీకేస్తాను’ అన్నారు మేస్టారు. వెనకనుంచి తోటపని చూసే ముసలమ్మ గొంతు వినబడింది: ‘నీరు పోస్తన్నకొద్దీ నేలచూపులే చూస్తంది, ఇదేటి చెట్టు బాబూ!’

అసలు క్లూ ఆ మాటలోనే ఉంది. అప్పటిదాకా వాళ్ళు ఏమేం చేశారో వరసగా చెప్పించుకున్నాను. రోజుకి రెండు పూటలా పాదు నిండా బోరు నీళ్ళు. నీరసంగా ఉందని గుప్పెడు యూరియా, తర్వాత ఎరువుల షాపులో ఇచ్చిన 19:19:19, ఆ పైన ఏదో టానిక్. నేల చౌడు పట్టిందేమోనని ఎవరో చెబితే జిప్సం. ఎండకని నెత్తిమీద ఆకుపచ్చ షేడ్‌నెట్. ఇందులో ఏదీ మతిలేని పని కాదు. వాలిన ఆకుని చూస్తే ఎవరికైనా ముందు తట్టేది నీళ్ళే.

వెళ్ళేముందు అడిగిన ఫోటోలు

ఒకే కొమ్మని తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఫోటో తీసి పంపమన్నాను. ఎందుకంటే ఆకు వాలడానికి కారణాలు వేరైతే, వాలే వేళలూ వేరవుతాయి. దాహంతో వాలిన ఆకు రాత్రికి తేరుకుని తెల్లారేసరికి నిలబడుతుంది. వేరు కుళ్ళి వాలినది పొద్దునా లేవదు, సాయంత్రమూ లేవదు. పైగా ముదురాకు, లేతాకు రెండూ కలిసి వాలతాయి. మూడో రకం ఒకటుంది: చెట్టు సహజ స్వభావం. ఈ జాతిలో కొత్త చిగురు గోధుమ, గులాబీ కలిసిన రంగులో, పట్టుకుచ్చులా కిందికి వేలాడుతూనే పుడుతుంది. కొన్నాళ్ళకి ఆకుపచ్చబడి, బిరుసెక్కి లేస్తుంది. సీతమ్మవారి అశోకకీ ఇదే అలవాటు. మామిడి లేతచిగురు కూడా రాగిరంగులో వాలే ఉంటుంది, కానీ దాన్ని పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాం కనక ఎవరూ బిందె పట్టుకుని పరిగెత్తరు.

ఫోటోల్లో లేతాకులు రెండు పూటలా వేలాడుతూనే ఉన్నాయి. ముదురాకులు రెండు పూటలా నిలబడే ఉన్నాయి. అంటే వాలడం జబ్బు కాదు. కానీ చిగురు రాలడం, అంచులు మాడడం మాత్రం జబ్బే. కొన్ని ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కింది, అది ఇనుము అందని లక్షణం. వాళ్ళు ఒకటే అనుకున్న జబ్బులో ఒక సహజ లక్షణం, ఒకటికి మించిన రోగాలు కలగలిసి ఉన్నాయని అప్పటికి అర్థమైంది.

గునపం చెప్పింది

ఇంటికెళ్ళాక ఆకుల జోలికి పోకుండా గునపం అడిగాను. పాదు అంచున గుచ్చితే మెత్తగా దిగిపోయింది. మూడడుగులు పక్కకి జరిగి గుచ్చితే రెండంగుళాలకే ఖంగుమంది. వంశధార, నాగావళి వరదలు ఎరిగిన ఊళ్ళలో ఇల్లు కట్టేముందు స్థలానికి ఎర్ర గ్రావెల్ పోసి, రోలర్ తిప్పి ఎత్తు లేపుతారు. ఇంటికి అది మంచిదే. చెట్టుకి మాత్రం ఆ గట్టి గ్రావెల్లో తవ్విన గుంత సిమెంటు తొట్టితో సమానం. గుంతలో గెత్తం (పశువుల ఎరువు), మంచి మట్టి ఎంత దండిగా వేస్తే నీరు అంత బాగా దిగుతుంది, దిగి అక్కడే ఉండిపోతుంది.

పాదు అంచున అడుగున్నర లోతు తీస్తే నీరు ఊరింది, మురుగు వాసన కొట్టింది. చేతికి దొరికిన పీచువేళ్ళని రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు జారి వచ్చేసి, లోపల దారంపోగు మిగిలింది. వేరుకుళ్ళు అనడానికి లేబొరేటరీ అవసరం లేని గుర్తు అది. మొదలుకి దగ్గరగా, పైపైన ఉన్న వేళ్ళు మాత్రం తెల్లగా, బతికే ఉన్నాయి.

ఇప్పుడు కథ అటునుంచి చదివితే సరిగ్గా కుదిరింది. చిగురు వేసింది, సహజంగా వాలింది. దాహమనుకుని నీళ్ళు పెంచారు. నీరు నిలిచి వేళ్ళకి గాలాడలేదు, కొన్ని చచ్చాయి. తర్వాతి చిగురుకి వేళ్ళు చాలక అది రాలింది. రాలిందని ఇంకా నీళ్ళు.

ఏప్రిల్‌లో నీళ్ళు ఆపడం

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటుంది: వెంటనే లేపి వేరేచోట నాటాలా, ఉన్నచోటే బాగుచెయ్యాలా? గాలి అంటు మొక్కకి తల్లివేరు ఉండదు. ఉన్న పీచువేళ్ళలో సగం పోయాయి. ఎదర వైశాఖం ఎండలు. ఇప్పుడు లేపితే మిగిలిన వేళ్ళూ తెగి, చెట్టు వారం దాటదు. అందుకని వానలదాకా ఉన్నచోటే ఉంచి, గుంతలో నీరు బయటికి పోయే దారి చెయ్యాలని నిర్ణయించాం. గుంత అడుగునుంచి పల్లంవైపు గ్రావెల్ని పగలగొట్టి ఒక కాలవ తీసి కంకర నింపాం. మొదలు చుట్టూ ఎగదోసిన మట్టి లాగేశాం. లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు కలిపి వేళ్ళ దగ్గర ఒకసారి పోశాం. యూరియా, టానిక్ బంద్. చచ్చిన వేళ్ళకి ఎరువు వేస్తే అది తినేవాళ్ళు లేక ఉప్పుగా మిగులుతుంది.

నీళ్ళు: వేలు రెండు కణుపులు దిగేదాకా మట్టి పొడిగా ఉంటేనే పొయ్యాలి.

మేస్టారికి టెన్షన్ పట్టుకుంది. మండుటెండల్లో చెట్టుకి నీళ్ళు ఆపడమా? పోనీ ఆకులమీదైనా చిలకరిస్తానన్నారు. చిలకరించడం మంచి ఆలోచనే, ఇది తేమ కోరే చెట్టు. కానీ ఏ నీళ్ళు? అప్పుడు బోరు నీళ్ళు పరీక్షకి పంపాం. ఉప్పుల కొలత, అంటే ఈసీ, 2.1 (డెసీసీమెన్స్/మీటరు) వచ్చింది. సాగునీటికి 0.7 లోపు ఉంటే ఏ పైరుకీ బెంగ లేదు, 3 దాటితే చాలావాటికి ప్రమాదం. మధ్యలో ఉంటే చెట్టునిబట్టి, నేలనిబట్టి. కొబ్బరి ఈ నీటికి చలించదు. ఆమ్‌హెర్స్టియా స్వస్థలమైన దక్షిణ బర్మా తీరంలో, మౌల్‌మేన్ వైపు, ఏడాదికి 4,500 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. ఉప్పు అనేది మట్టిలో నిలవని చోట పెరిగిన చెట్టు అది. మన జిల్లాలో పడేది దానిలో దాదాపు నాలుగోవంతే. కాలవ లేని గుంతలో రోజూ రెండు పూటలా బోరు నీళ్ళంటే, నీరు ఆవిరై పోతూ ఉప్పు మిగులుతూ వచ్చింది. ఆకు అంచులు మాడడానికి కారణం ఎండ ఒక్కటే కాదు.

జిప్సం పనిచెయ్యకపోవడం కూడా ఇక్కడే తేలింది. జిప్సం మట్టిలోని సోడియాన్ని విడదీస్తుంది, దాన్ని కిందికి కడిగెయ్యడానికి మంచి నీళ్ళూ కావాలి, ఆ నీళ్ళు పోయే దారీ కావాలి. ఆ గుంతలో రెండూ లేవు.

చిలకరించడానికి ఏసీ పైపునుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టమన్నాం. అవి దాదాపు వాన నీళ్ళంత శుభ్రం. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు కూడా వాడుకోవచ్చా అని మేస్టారి భార్య అడిగారు. వద్దమ్మా అన్నాను. ఆర్వో మంచినీటిని మనకిచ్చి, ఉప్పంతా ఆ వృథానీటిలోకి నెడుతుంది. ఇంట్లో ఎవరూ తాగలేని దాన్ని తులసికోటలో పోసేవాళ్ళని చాలామందిని చూశాను. గచ్చు కడగడానికి అయితే బంగారంలా పనికొస్తాయి.

పనిచెయ్యనివి

ఇనుము చెలేట్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము, ఆకులమీద కొట్టాం. పసుపు తగ్గి రంగు వచ్చింది, అంచులు మాడడం మాత్రం అలాగే సాగింది. ఫలితం సగమే అయినా దాని వల్ల ఒకటి తేలింది: పసుపు వేరు, మాడు వేరు. మట్టి ఉదజని సూచిక (పీహెచ్) 8 పైన ఉన్నంతకాలం ఇనుము మట్టిలోనే బిగుసుకుని ఉంటుంది కాబట్టి స్ప్రే తాత్కాలికమే అనుకున్నాం, అలాగే అయింది.

నెత్తిమీది షేడ్‌నెట్ చేస్తున్న మేలు తక్కువ. నడినెత్తి ఎండకన్నా పడమటినుంచి ఏటవాలుగా వచ్చే ఎండ, దాంతోబాటు మేలో పడమరనుంచి కొట్టే వడగాడ్పు ఎక్కువ హాని చేస్తున్నాయి. దానికితోడు తెల్లసున్నం వేసిన ప్రహరీ వేడిని తిరగ్గొడుతోంది. నెట్ విప్పి పడమటి పక్క తెరలా నిలువుగా కట్టించాం. ఆ వేసవి చెట్టు బతికింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

కాలవ కూడా నిలబడలేదు. జులైలో పెద్ద వాన పడినప్పుడు పెరటి నీరంతా ఆ కాలవ దారినే వెనక్కి తన్ని గుంతలోకి వచ్చింది. స్థలంలో అసలు వాలు చాలినంత లేదు. నీటిని కిందినుంచి తప్పించలేనప్పుడు చెట్టునే పైకి తేవాలి. అప్పటికి వాతావరణం చల్లబడింది, పైవేళ్ళు కొత్త తెల్లమొనలు వేస్తున్నాయి. లేపడానికి ఏప్రిల్‌లో లేని అనుకూలం ఇప్పుడుంది.

ఈశాన్యం గొడవ

కొత్త చోటుకి నాకు కావలసింది ఇంటికి తూర్పు పక్క. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ పడుతుంది, పడమటి గాడ్పుకి ఇల్లే అడ్డు. అక్కడ అనువైన ఖాళీ ఈశాన్యంలో ఉంది. మేస్టారి భార్య ససేమిరా అన్నారు: ఈశాన్యంలో పెద్ద చెట్టు, పైగా మట్టిదిబ్బ ఎత్తు! వాస్తు మీద నా నమ్మకం ఎంతో ఇక్కడ అనవసరం. ఇంటివాళ్ళకి ఇష్టం లేని చోట నాటిన చెట్టుకి రెండో ఏడు నీళ్ళు పోసేవాళ్ళుండరు, అది మాత్రం నాకు తెలుసు. తూర్పు గోడ వెంబడే దక్షిణానికి జరిగి ఆగ్నేయం దగ్గర చోటు చూశాం. ఇంటి నీడ అరగంట ఆలస్యంగా పడుతుంది, అంతే తేడా. అయితే గేటులోంచి కనబడదు. మేస్టారు దానికి కాసేపు బాధపడ్డారు.

లేపేముందు మొదలు చుట్టూ సగం వలయం తవ్వి ఆ పక్క వేళ్ళు తెంపి, గెత్తం కలిపిన మట్టి వేసి వదిలేశాం. ఆ పక్క కొత్త పీచువేళ్ళు పుట్టాక మిగతా సగం తెంపాం. ఒక్కసారే తెంపితే చెట్టుకి తాగే నోరు ఉండదు. కొమ్మలు నరకలేదు, ప్రతి ఆకులో సగం రెబ్బలు కత్తిరించాం, ఆవిరయ్యే నీరు తగ్గుతుందని.

కొత్త చోట గుంత తవ్వలేదు. గ్రావెల్ పొరని గునపాలతో పగలగొట్టి, దానిమీద రెండడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పున దిబ్బ వేశాం. ఎర్రమట్టి, ఏటి ఇసక, బాగా మాగిన గెత్తం. చెట్టుని దిబ్బ నెత్తిన కూర్చోబెట్టాం. కాపర్ మందు పోసి చాలాకాలం అయింది కనక ఈసారి గెత్తంలో ట్రైకోడెర్మా అనే, వేరుకుళ్ళుని అడ్డుకునే బూజు కలిపాం. రెండూ ఒకేసారి వాడితే ఆ మందు ఈ మంచి బూజుని కూడా చంపుతుంది. పైన జీడిమామిడి ఎండాకులు నాలుగంగుళాల మందాన పరిచాం. ఉద్దానం పక్కనుంటే అవి ఉచితం. కొబ్బరిపొట్టు కూడా దొరుకుతుంది కానీ కడగని పొట్టులో ఉప్పుంటుంది, ఈ చెట్టుకి మళ్ళీ అదెందుకు?

తర్వాత తుఫాను లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ ఎలా పడేసిందో ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. తల్లివేరు లేని అంటుమొక్క, అదీ కొత్త దిబ్బమీద! మూడు సరుగుడు వాసాలు దూరంగా పాతి, సైకిల్ ట్యూబుతో వదులుగా కట్టాం. బిగించి కడితే మాను ఊగదు, ఊగని మాను బలపడదు. ఏటా సెప్టెంబరులో కట్లు చూసుకోవాలి.

నీళ్ళ లెక్క

మేస్టారు వానసంపు కట్టించాలనుకున్నారు, కొటేషన్ కూడా తెచ్చారు. కాగితంమీద లెక్క వేశాం. వంద చదరపు మీటర్ల డాబామీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. చెట్టుకి ఎండాకాలం వారానికి రెండుసార్లు, తడవకి 40 లీటర్లు. నాలుగు నెలలకి 1,400 లీటర్లు దాటదు. అంటే రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి చాలు. తొలివాన డాబాని కడిగి పోనిచ్చి, తర్వాతి వానలు పట్టాలి. మూతకి దోమతెర తప్పనిసరి, లేకపోతే చెట్టుకి మంచినీళ్ళు, ఇంటికి డెంగ్యూ.

ట్యాంకు అయిపోయి బోరు నీళ్ళే దిక్కయితే, రోజూ కాసిని కాకుండా అరుదుగా ఎక్కువ పొయ్యమన్నాను. కాసిని నీళ్ళు పైపైనే ఆవిరై ఉప్పుని వేళ్ళ దగ్గరే వదులుతాయి. ఎక్కువ పోస్తే, దిబ్బ కాబట్టి, ఉప్పుని కిందికి తోసుకుపోతాయి. పాత గుంతలో ఇదే పని చేస్తే చెట్టు చచ్చేది.

పువ్వు

మార్చాక మొదటి ఏడు చిగుళ్ళు రాలడం ఆగింది. రెండో ఏడు అంచుల మాడు బాగా తగ్గింది, మే నెలలో కాస్త కనబడింది. మూడో ఏడు ఫిబ్రవరి ఆఖరున మొదటి గుత్తి విచ్చుకుంది. ఇందులో దిబ్బ వాటా ఎంత, వాననీటి వాటా ఎంత, నీడ వాటా ఎంత అంటే విడదీయలేను. అన్నీ ఒక్కసారే మార్చాం. వేరుకుళ్ళు పట్టిన చెట్టుమీద ఒక్కొక్కటీ మార్చి పరీక్షించే తీరిక ఉండదు.

ఈ చెట్టు మొండితనం కొత్తదేమీ కాదు. కలకత్తా బొటానికల్ గార్డెన్ చూసుకునే వాలిచ్ దీన్ని 1827లో బర్మాలో చూసి, అప్పటి గవర్నర్ జనరల్ భార్య లేడీ ఆమ్‌హెర్స్ట్ పేరు పెట్టాడు. ఇంగ్లండులో ఒక డ్యూక్ దీనికోసమే 1835లో తన తోటమనిషిని ఇండియాకి ఓడెక్కించాడు. తీరా అక్కడ మొదటిసారి పూసింది 1849లో, అదీ వేరేవాళ్ళ అద్దాల ఇంట్లో.

మేస్టారి అప్పగారిని తీసుకొచ్చి చూపించారు. ఆవిడ గుత్తిని కింద చెయ్యి పెట్టి చూసి, ‘బాగుందిరా, కానీ ఇది కాదు’ అన్నారు. ఆవిడకి గుర్తున్నది పసుపు పువ్వు, కమ్మటి వాసన, ఏప్రిల్‌లో నీళ్ళపండుగ రోజుల్లో రోడ్లన్నీ రాలేది, ఆడవాళ్ళు జడలో పెట్టుకునేది. అది పదౌక్, మన వేగిసకి దగ్గరి చుట్టం. ఎండకీ, పేదనేలకీ ఇంత బెట్టు చెయ్యదు. మేస్టారు నావైపు చూశారు. ఇంటర్నెట్‌లో బర్మా పువ్వు అని వెతికితే ముందు దీని బొమ్మే వచ్చిందట.

ఇంకో తోటకి పనికొచ్చేవి

అరుదైన చెట్టు కావాలని ఎవరైనా వస్తే ఇప్పుడు మొదట అడిగేది పువ్వు రంగు, పూసే నెల, వాసన. జ్ఞాపకంలో ఉన్న చెట్టూ, కేటలాగులో ఉన్న చెట్టూ ఒకటేనా అన్నది నాటకముందే తేలాలి.

గ్రావెల్ పోసిన స్థలంలో ఏ చెట్టుకైనా గుంత తవ్వాక నిండా నీళ్ళు పోసి ఒకసారి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీళ్ళు మర్నాటికీ నిలిచి ఉంటే ఆ గుంతలో నాటొద్దు. పొర పగలగొట్టాలి, లేదా దిబ్బ వెయ్యాలి. ఖర్చు కొన్ని బకెట్ల నీళ్ళే.

ఆమ్‌హెర్స్టియా, అశోక, బ్రౌనియా ఇంట్లో ఉన్నవాళ్ళు చిగురు వాలినప్పుడు చిగురుని కాదు, దాని కింది ముదురాకుని చూడాలి. ముదురాకు నిలబడి, మట్టి తడిగా ఉంటే చెయ్యి కట్టుకుని కూర్చోవడమే వైద్యం. ఈ ఇంట్లో ఎరువులకన్నా నెత్తిమీద నెట్‌కన్నా కష్టంగా అలవాటైంది అదే. ముసలమ్మకి మాత్రం త్వరగా పట్టుబడింది, వేలు గుచ్చి చూసే పని ఇప్పుడు ఆవిడదే, మేస్టార్ని గొట్టం ముట్టుకోనివ్వదు.

ఈ చెట్టు కాయ కట్టడం బహు అరుదు. మన చెట్టుకీ ఇంతవరకు కాయ లేదు. అందుకని వానల మొదట్లో పెన్సిలంత లావు కొమ్మ ఒకదానికి గాలి అంటు కట్టాం. వేళ్ళు పడితే దాన్ని కోసి, ఏడాదిపాటు కుండీలోనే పెంచి, ఆ తర్వాతే నేలకి దించుతాం. విశాఖలో ఉన్న మేస్టారి బంధువులు అప్పుడే తమకని అడిగి పెట్టుకున్నారు. వాళ్ళ బోరు నీళ్ళ శాంపిల్ పంపమన్నాను, ఇంకా రాలేదు.